ఏడు బిందెల ఇల్లు

నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు, మా మేనల్లుడి పెళ్ళి. ఇంకా భోజనాల బల్లల దగ్గరికి చేరకముందే పదిమంది నా చుట్టూ మూగారు. "బావా, అమెరికాలో ఇంటినే బండికి తగిలించుకుని అడవులన్నీ తిరిగొచ్చావట కదా! ఎన్ని కిలోమీటర్లు?" అని ఒకరు. "ఈ వయసులో అంత దూరం నువ్వే నడిపావా?" అని ఇంకొకరు. నాకు అరవై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. దొరికిన పొగడ్తను వదులుకునే రకం కాదు. ఎనిమిది వేల కిలోమీటర్లన్నాను, ఎలుగుబంట్లన్నాను, రాత్రి పదకొండింటికి కూడా ఆరని పగటి వెలుతురన్నాను. పక్కనే నిలబడ్డ మా ఆవిడకు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న దక్కింది: "వదినా, అన్ని రోజులు ఊరికే కూర్చోవడానికి విసుగు రాలేదా?"

ఆమె నవ్వి ఊరుకుంది. నేను కూడా ఊరుకున్నాను. నేను ఊరుకోకూడదు. ఆ రోజు పెళ్ళి పందిట్లో మింగిన జవాబు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. బండి నడిపినవాడిదే ప్రయాణం అనుకోవడం తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి నా దగ్గర ముప్పై ఎనిమిది రోజుల సాక్ష్యం ఉంది. అందులో చాలా భాగం నాకు వ్యతిరేకంగానే ఉంది.

మా అబ్బాయి సియాటిల్ దగ్గర ఉంటాడు. వాడికొక పికప్ బండి, దాని వెనక తగిలించే చిన్న ట్రైలర్ ఇల్లు ఉన్నాయి. మన వైపు ట్రైలర్ అంటే ట్రాక్టరు వెనక ఇసుకో, పత్తి బోరాలో మోసేది. ఇది కూడా ఆ జాతిదే. కాకపోతే లోపల ఒక మంచం, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, నడుమెత్తు ఫ్రిజ్, మోచేతులు గోడలకు తగిలే స్నానాల గది ఉంటాయి. వాడికి సెలవు దొరకలేదు. "మీరిద్దరే వెళ్ళి రండి నాన్నా" అన్నాడు. కెనడా వీసాలు విడిగా తీసుకుని జూన్ మొదటి వారంలో బయలుదేరాం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఉన్న డాసన్ క్రీక్ నుంచి, ఆ దేశంలోనే ఉత్తరాన ఉన్న యూకాన్ ప్రాంతం మీదుగా, అమెరికాదైన అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సాగే అలాస్కా హైవే పొడవు దాదాపు 2,230 కిలోమీటర్లు. సియాటిల్ నుంచి డాసన్ క్రీక్ చేరడానికే మూడు రోజులు పట్టింది.

ట్రైలర్‌ను వెనక్కి నడపడం నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో మా అన్న ట్రాక్టరుతో ఇరుకు సందుల్లో ఆ విద్య ఎప్పుడో పట్టుబడింది. వెనక బండి ఎటు పోవాలో దానికి ఎదురు దిక్కుకు స్టీరింగు తిప్పాలి, తిప్పిన వెంటనే విడవాలి. విడిది స్థలాల్లో అక్కడివాళ్ళు నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంటే నేను ఒక్క పట్టున చెట్ల మధ్యకు దూర్చేసేవాణ్ణి. పక్క గుడారాల వాళ్ళు చప్పట్లు కొట్టారు కూడా. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా నాకు చప్పట్లు పడలేదు. ఇంతే నా వాటా. మిగిలిన కథంతా నీళ్ళది.

ఆ ఇంట్లో నీళ్ళు పైపులోంచి రావు. అడుగున ఒక తొట్టి ఉంటుంది. మాది నిండితే 110 లీటర్లు. మా అబ్బాయి గ్యాలన్లలో చెప్పాడు, నేను లీటర్లలోకి మార్చాను. మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "ఏడు బిందెలు" అంది. అంతే, ఆ తర్వాత మా ఇద్దరికీ లీటర్లూ గ్యాలన్లూ లేవు, బిందెలే.

తొట్టిలో ఎంత మిగిలిందో చూపడానికి గోడ మీద చిన్న దీపాలుంటాయి. మూడో వంతు, రెండు వంతులు, నిండు అని మూడే మెట్లు. ఆ దీపాలను నమ్మినవాడు సబ్బు ఒంటితో నిలబడతాడు. నేను రెండో రోజే నిలబడ్డాను. రెండు వంతులు అని వెలుగుతోంది కదా అని జల్లు కింద నిలబడి పాట అందుకున్నాను. పల్లవి దాటి చరణంలోకి వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయాయి. బయటి నుంచి మా ఆవిడ మంచినీళ్ళ డబ్బా లోంచి ఒక చెంబు అందించి, "దీంతోనే కడుక్కోండి, రెండోది లేదు" అంది. ఆ చెంబుతోనే కడుక్కున్నాను.

తొట్టి ఖాళీ కావడంతో కష్టం అయిపోదు. వాడిన ప్రతి చెంబూ అడుగున ఇంకో తొట్టిలో నిండుతుంది. మరుగుదొడ్డిది మూడో తొట్టి. వాటిని అడవిలో ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. వాటి కోసం పెట్టిన చోటికి పోయి, లావుపాటి గొట్టం తగిలించి దించుకోవాలి. ఆ గొట్టం సరిగ్గా బిగించకపోతే ఏమవుతుందో మర్యాదస్థుల బ్లాగులో రాయలేను. నా చెప్పులు మాత్రం ఫోర్ట్ నెల్సన్‌లో వదిలేసి వచ్చాను.

మూడో రోజు నుంచి మా ఆవిడ నోట్‌బుక్ తీసింది. ఇద్దరి స్నానాలకు రోజుకు బిందెన్నర, గిన్నెలకు అర బిందె, మిగతా వాటికి బిందె కంటే కాస్త తక్కువ. అంటే రోజుకు దాదాపు మూడు బిందెలు, నిండు తొట్టి రెండున్నర రోజులకు చెల్లు. తాగే నీళ్ళు, వండే నీళ్ళు ఈ లెక్కలో లేవు. వాటికి వేరే డబ్బా, వేరే గీత. "తాగే నీళ్ళు వేరు, వాడుకునే నీళ్ళు వేరు" అని ఆమె అంటే మొదట చాదస్తం అనుకున్నాను. యూకాన్‌లో ప్రభుత్వ విడిది స్థలాలకు చేరాక చేతిపంపు పక్కన బోర్డు కనిపించింది: మరగబెట్టకుండా తాగవద్దు. ఆ నోట్‌బుక్ అప్పటికే ఆ మాట చెబుతోంది.

ఈ లెక్క ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? పెళ్ళిలో ఇంకో బంధువు అన్నాడు, "ఆడవాళ్ళకు ఇంటిపని అలవాటే కదా" అని. నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. అలవాటు అనగానే ఎదుటివారి శ్రమకు వెల కట్టనక్కరలేదు. చేపకు ఈత అలవాటే అన్నట్టు తేల్చేయవచ్చు. మా ఆవిడది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఊరు. ఆ నేల అడుగున గ్రానైట్ రాయి, ఆ రాయిలో ఫ్లోరైడ్, ఆ నీళ్ళు తాగిన ఊళ్ళలో పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, ముప్పై ఏళ్ళకే వంగని మెడలు, నలభై ఏళ్ళకు వంగిపోయిన నడుములు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును ఆ బోర్లు ఎప్పుడో దాటేశాయి. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి అది. నా విద్యార్థులకు ఈ సంగతి గొప్పగా చెప్పేవాణ్ణి. పేరు మాది, రోగం కూడా మాదే అని చెప్పడం మరిచేవాణ్ణి.

ఆమె పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బోరు నీళ్ళు గిన్నెలకు, గొడ్లకు. తాగడానికి రెండు కిలోమీటర్ల అవతల తోటలో బావి. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. ఆ రెండు బిందెల్లో ఏడుగురు బతకాలి. వాళ్ళ అమ్మ చివరి పదేళ్ళు నడుము నిలబెట్టి ఆకాశం చూడలేదు. ఆ ఇంట్లో నీళ్ళ లెక్క తప్పితే ఏమవుతుందో తెలిసి పెరిగిన మనిషి చేతికి నోట్‌బుక్ వచ్చింది. దీన్ని అలవాటు అంటారా? నేనైతే చదువు అంటాను. నేను బడిలో నేర్పిన లెక్కల కంటే ఖరీదైన చదువు.

ఆ చదువు మా దారినే మార్చింది. నేను రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని మజిలీలు వేసుకున్నాను. వారం తిరిగేసరికి ఆ కాగితం చెత్తబుట్టలోకి పోయింది. మజిలీ ఎక్కడన్నది నీళ్ళే చెప్పేవి. లియార్డ్ నది దగ్గర అడవి మధ్య వేడినీటి గుండాలున్నాయి. దేవదారు లాంటి చెట్ల నడుమ పొగలు కక్కే నీళ్ళు, వాటి మీద కర్ర వంతెన. నేను ఒక్క పూట చాలన్నాను. ఆమె రెండు రాత్రులు ఉందామంది. ప్రకృతి మీద ప్రేమ అనుకుని మురిశాను. రెండో రోజు సాయంత్రం ఆమె నోట్‌బుక్‌లో రాసుకున్నది చూశాను: "స్నానాలు గుండంలో. మూడు బిందెలు మిగులు."

ఉత్తరాన పోయేకొద్దీ పొద్దు కుంకడం మానేసింది. యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో జూన్‌లో పగలు పందొమ్మిది గంటలు. పడుకుందామంటే కిటికీలోంచి వెలుతురు కళ్ళలో పొడుస్తుంది. మా ఆవిడ రెండు నూలు చీరలు నాలుగేసి మడతలు పెట్టి, బట్టల క్లిప్పులతో కిటికీలకు బిగించింది. పోచంపల్లి ఇకత్ చీర వెనక యూకాన్ సూర్యుడు ఎరుపూ నలుపూ గళ్ళుగా కనిపిస్తుంటే నిద్రపోయాను. పొద్దున లేచి చీర తీస్తే కిటికీ అద్దం నిండా నీటిబొట్లు. ఇద్దరి ఊపిరి, రాత్రి వండిన పప్పు ఆవిరి, అన్నీ అక్కడే. పైకప్పులోని గాలి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలని తెలిసేసరికి ఒక దిండు తడిసింది.

ఇక నా ఘనత గురించి. క్లువానే సరస్సు దాటాక, బీవర్ క్రీక్ వైపు రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే మట్టి, మంచు. పైన పరిచిన నల్లటి రోడ్డు ఎండను పీల్చి ఆ మంచును కరిగిస్తుంది, కింద నేల కుంగుతుంది. మళ్ళీ చలికాలం ఉబ్బుతుంది. దూరం నుంచి చూస్తే చక్కటి రోడ్డే. చక్కటి రోడ్డు కదా అని నేను ఎనభైలో పోయాను. ముందు కూర్చున్న మాకు ఉయ్యాల ఊగినట్టుంది. వెనక ఇంట్లో ఏం జరుగుతోందో ముందుకు వినపడదు. ఆగి తలుపు తీస్తే మామిడికాయ పచ్చడి సీసా నేల మీద, జొన్నపిండి మంచం మీద, రెండూ కలిసి గోడ మీద. ఎలుగుబంట్ల దేశంలో ఆవనూనె, వెల్లుల్లి వాసన ఫర్లాంగు దూరం కొడుతోంది. వంట వాసన బయట ఉంచకూడదని ప్రతి విడిది దగ్గరా బోర్డులుంటాయి. అవన్నీ చదివినవాణ్ణి నేనే.

కడగడానికి రెండు బిందెలు పోయాయి. ఆమె తిట్టలేదు. నోట్‌బుక్‌లో "పచ్చడి: 2 బిందెలు" అని రాసింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పని పంచుకున్నాం. తొట్ల పని, రోజు విడిచి రోజు వంట నావి. పటం, మజిలీ, వేగం ఆమెవి. "నలభై" అంటే నలభైలోనే పోయేవాణ్ణి. గిన్నెల మధ్య పాత తువ్వాళ్ళు కుక్కింది. బియ్యం సంచి, డబ్బాలు ఇరుసుకు ముందు వైపు జరిపింది. బరువు వెనక్కి పడితే ట్రైలర్ తోక ఊపుతుందని మా అబ్బాయి చెప్పినప్పుడు నేను తలూపాను, ఆమె గుర్తుపెట్టుకుంది.

ఆ అలల రోడ్డు చరిత్ర తెలిసిన తర్వాత నా మాట ఇంకా గట్టిపడింది. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగాక, అలాస్కాకు నేల దారి కావాలని అమెరికా సైన్యం 1942 మార్చిలో పని మొదలుపెట్టి అక్టోబర్‌కల్లా దారి కలిపేసింది. పదివేల మందికి పైగా సైనికులు, వాళ్ళలో మూడో వంతు నల్లజాతివాళ్ళు. అప్పట్లో సైన్యంలో తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు వేరు వేరు రెజిమెంట్లు. మొదట బుల్డోజర్లతో నాచు, చెట్లు గీకి పారేశారు. ఎండ తగిలిన నేల కరిగి బురదగా మారి యంత్రాలను మింగింది. తర్వాత నాచును కదపకుండా, పైన దుంగలు పరిచి దారి వేయడం నేర్చుకున్నారు. దక్షిణం నుంచి వచ్చిన దళమూ ఉత్తరం నుంచి వచ్చిన దళమూ అక్టోబర్ చివర్లో బీవర్ క్రీక్ దగ్గర అడవిలో ఎదురుపడ్డాయి. ఒక బుల్డోజర్ మీద రెఫైన్స్ సిమ్స్ అనే నల్లజాతి కార్పొరల్, రెండో దాని మీద ఆల్ఫ్రెడ్ జలుఫ్కా అనే తెల్లజాతి సైనికుడు. ఇద్దరూ చేతులు కలిపారు. సైన్యంలో ఆ విభజన పోవాలని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. ఈ దారి మామూలు జనానికి తెరిచింది కూడా ఆ ఏడాదే. ఆ దారి వెంట టెస్లిన్‌లాంటి ఊళ్ళలో అనాదిగా ఉంటున్న ఆదివాసులకు మొదట అందినవి తట్టు, కోరింత దగ్గు. దాన్ని జనం లేని అడవి అని ఎవరైనా రాస్తే మన్ననూరు దాటాక నల్లమలలో చెంచులు లేరన్నట్టుంటుంది.

ఇది చదివినప్పుడు మా పెదనాన్న గుర్తొచ్చాడు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట పోయి నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్ళు మోసినవాడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కట్టకు రాయి మోసిన చేతుల్లో పాలమూరు చేతులెన్నో. బడిలో నేను పిల్లలకు శంకుస్థాపన తేదీ చెప్పాను, పెదనాన్న సంగతి చెప్పలేదు. పెదనాన్న కూడా కట్ట గురించి చెప్పేటప్పుడు తన భుజాల సంగతే చెప్పేవాడు. పెద్దమ్మ ఆ కట్ట దగ్గరే తాటాకు గుడిసెలో ఇరవై మందికి జొన్నరొట్టెలు చేసిన సంగతి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పెద్దమ్మే ఒకసారి అంది, "వాళ్ళు రాళ్ళు దించి పడుకునేవాళ్ళు, నేను పిండి విసరడానికి లేచేదాన్ని" అని.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. లారీ నడిపే మా తమ్ముడు వరసవాడు ముఖం మీదే అన్నాడు: "అన్నా, ప్రాణాల బాధ్యత స్టీరింగు పట్టినవాడిది. పచ్చడి సీసా పగిలితే ఇంకొకటి వస్తుంది." నిజమే. అడవిదున్నల మంద రోడ్డుకు అడ్డంగా పడుకున్నప్పుడు బ్రేకు మీద ఉన్నది నా కాలే. శ్రీశైలం అడవిదారిలో లాగా రాత్రి తొమ్మిదికి గేటు వేసే ఏర్పాటు అక్కడ లేదు, మన జాగ్రత్తే గేటు. కాదనను. కానీ నేను రోజుకు నాలుగు గంటలు నడిపాను. తాళం చెవి జేబులో వేసుకున్నాక నా పని అయిపోయేది. ఆమె పని తాళం చెవి తీసిన తర్వాత మొదలయ్యేది. పైగా తాగే నీళ్ళ డబ్బా నిండుకుంటే ఆ దారిలో తర్వాతి ఊరు వంద కిలోమీటర్లు. అదీ ప్రాణాల బాధ్యతే, తమ్ముడూ. దానికి హారన్ ఉండదు కాబట్టి మనకు వినపడదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వెళ్ళేముందు నేను అందరికీ చెప్పింది, "ముప్పై ఏళ్ళు వంటింట్లో ఉంది, కాస్త తిప్పుకొస్తాను" అని. తిప్పడమైతే తిప్పాను, వంటిల్లు కూడా వెనక కట్టుకుని. గది చిన్నదైతే పని చిన్నదవదు. హోటళ్ళలో దిగి ఉంటే ఆమెకు విశ్రాంతి దక్కేదేమో. అదే అడిగాను ఒక రాత్రి, చీరల చీకట్లో. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "హోటల్లో దిగితే మీరు గిన్నెలు కడిగేవారా?"

దారిలో వాట్సన్ లేక్ అనే ఊళ్ళో ఊళ్ళ పేర్ల బోర్డుల అడవి ఒకటుంది. 1942లో ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఒక సైనికుడు తన ఊరి పేరు, దూరం రాసి ఒక బోర్డు పెట్టాడట. చూసి చూసి దారిన పోయేవాళ్ళంతా తమ ఊరి పేర్లు తగిలించారు, ఇప్పుడవి వేలకు వేలు. నాకూ సరదా పుట్టింది. స్టీలు పళ్ళెం మీద రంగుతో "కల్వకుర్తి" అని రాసి కొడదామన్నాను. "ఉన్నవే నాలుగు పళ్ళేలు" అని లాక్కుంది. తిరుగు ప్రయాణంలో ఆమే ఒక అట్టముక్క తీసి బొగ్గుతో "మర్రిగూడ" అని రాసి, తాడుతో ఒక స్తంభానికి కట్టింది. వానకు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. నా ఊరి పేరు ఎందుకు రాయలేదని నేను అడగలేదు.

మొన్న సంక్రాంతికి మా ఇంటికి చుట్టాలొచ్చారు. మళ్ళీ అదే ప్రశ్న, ఎన్ని కిలోమీటర్లు నడిపావు అని. ఈసారి నేను జవాబు చెప్పకుండా లోపలికి చూశాను. మా ఆవిడ వంటింట్లో నల్లా కట్టి, చేయి తుడుచుకుంటూ వచ్చి, అల్మారాలోంచి నోట్‌బుక్ తీసింది. మీద పచ్చడి మరక ఇంకా ఉంది. చివరి పేజీ తిప్పి చదివింది:

"పదహారు తొట్లు. రెండు బిందెలు వృథా."